సెల్ ఫోన్, అడ్డపొగ: మన భయం దేని మీద?

"ఫోన్ తలగడ కింద పెట్టుకుని పడుకోకురా, బ్రెయిన్ క్యాన్సర్ వస్తాది!" ఈ తిట్టు తినని వాళ్లు మన క్లాసులో ఉండరు. ఇందులో నిజమెంతో చూద్దాం.

ముందు కొంచెం ఫిజిక్స్. క్యాన్సర్ మొదలవడానికి ముఖ్యమైన దారి కణంలోని డీఎన్‌ఏ దెబ్బతినడం. ఎక్స్‌రేలకి ఆ శక్తి ఉంది. ఫోన్ వాడే రేడియో తరంగాలకి లేదు. హాస్టల్ ట్యూబ్‌లైట్ వెలుతురులో ఒక్కో ఫోటాన్‌కి ఉండే శక్తి, ఫోన్ తరంగంలోని ఫోటాన్ కంటే లక్ష రెట్లకు పైనే. ఫోన్ తరంగాల వల్ల ఖాయంగా జరిగేది చెవి దగ్గర కాస్త వేడి. అది మితిమీరకుండా, శరీరం పీల్చుకునే శక్తి కిలోకి 1.6 వాట్లు దాటకూడదని మన దేశంలో రూలుంది. దాన్నే సార్ విలువ అంటారు. చాలా ఫోన్లలో స్టార్, హ్యాష్, 07, హ్యాష్ నొక్కితే కనిపిస్తుంది.

"మరి డబ్ల్యూహెచ్‌ఓనే క్యాన్సర్ లిస్టులో పెట్టింది కదా?" అంటారు. నిజమే. ఆ సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఐఏఆర్‌సీ 2011 మేలో ఈ తరంగాల్ని '2బి' గ్రూపులో పెట్టింది. అంటే "కారణం కావచ్చు, సాక్ష్యం మాత్రం తక్కువ" అని. కలబంద ఆకు మొత్తం పిండి తీసిన రసం కూడా అదే గ్రూపులో ఉంది. గ్రూపు చెప్పేది ప్రమాదం ఎంతో కాదు, సాక్ష్యం ఎంత గట్టిదో.

ఆ అనుమానానికి ఒక కారణం 13 దేశాల్లో చేసిన ఇంటర్‌ఫోన్ అధ్యయనం. అందరికంటే ఎక్కువ మాట్లాడామన్న పదో వంతు మందిలో ఒక రకం మెదడు కణితి కాస్త ఎక్కువగా కనిపించింది. కానీ ఏళ్ల కిందట ఎంతసేపు మాట్లాడారో జ్ఞాపకం మీద చెప్పిన లెక్కలవి. జబ్బు చేసినవాళ్లు కారణం వెతుక్కుంటారు, లెక్క ఎక్కువ చెప్పేస్తారు. తర్వాత 2024లో డబ్ల్యూహెచ్‌ఓ చేయించిన సమీక్ష 63 అధ్యయనాల్ని కలిపి చూసింది. పదేళ్లకు పైగా ఫోన్ వాడినవాళ్లలో కూడా బ్రెయిన్ క్యాన్సర్ ముప్పు పెరిగినట్టు తేలలేదు.

టవర్ సంగతి ఇంకా తమాషా. సిగ్నల్ వీక్‌గా ఉంటే ఫోన్ ఎక్కువ పవర్‌తో అరుస్తుంది. ఊళ్లో టవర్ తీసేయిస్తే చెవి దగ్గరి తరంగాలు తగ్గవు, పెరుగుతాయి.

ఫోన్ గురించి ఇంత గొడవ చేసే మన ఊళ్లలోనే అడ్డపొగ ఉంది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. మన వైపు ఎక్కువగా ఆడవాళ్లకే ఈ అలవాటు. నిప్పు సెగ, పొగ నేరుగా అంగిలికే తగులుతాయి. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించిన అధ్యయనం 1971లోనే అచ్చయింది. అప్పుడు రాజాం కూడా ఆ జిల్లాలోదే. అడ్డపొగ తాగేవాళ్ల అంగిలి మీద మచ్చలు, పుళ్లు, క్యాన్సర్లు అందులో నమోదయ్యాయి. పొగాకు ఐఏఆర్‌సీ గ్రూప్ 1లో ఉంది. అంటే అనుమానం కాదు, రుజువైన కారణం.

అందుకే ఈసారి ఇంటికెళ్లినప్పుడు, చుట్ట కాల్చే మామ్మ ఉంటే అదే ఫోన్‌లో టార్చ్ వేసి ఆవిడ అంగిలి చూడండి. తెల్ల మచ్చో, ఎర్ర మచ్చో, రెండు వారాలైనా మానని పుండో కనిపిస్తే వెంటనే పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ముందే పట్టుకుంటే నయం చేయడం చాలా తేలిక.