సెలవు అయిపోవచ్చిందా? ఆఖరి వారం ఇలా గడపండి!

మీ ఇంట్లో ఎవరైనా దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో, సింగపూర్‌లోనో పనిచేస్తున్నారా? ఏడాదికో, రెండేళ్లకో ఓసారి సెలవు మీద వస్తుంటారా? అయితే ఈ నాలుగు మాటలూ మీకోసమే. వచ్చేరోజున ఏం వండాలో, ఎవరెవర్ని భోజనానికి పిలవాలో మనకి ఒకరు చెప్పనక్కర్లేదు. తిరిగి వెళ్లేముందు వారం రోజుల్ని ఎలా గడుపుకోవాలన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

సంతబొమ్మాళి మొదలు వజ్రపుకొత్తూరు, కవిటి, సోంపేట దాకా ఉద్దానం ఊళ్లలో ఏ వీధిలోకి వెళ్లినా ఇదే కథ. నౌపడలో బండి దిగి ఇంటికి చేరేలోగానే పదిమంది పలకరిస్తారు. "ఎప్పుడొచ్చినావు?" అన్న నోటితోనే "మల్లీ ఎప్పుడెల్తావు?" అని అడిగేస్తారు. వాళ్లు ప్రేమగానే అడుగుతారు. కానీ ఆ క్షణం నుంచే ఇల్లాలి మనసులో రోజుల లెక్క మొదలవుతుంది.

రంగం నుంచి గల్ఫ్ దాకా

ఈ ఎదురుచూపులు మనకి కొత్తేమీ కాదు. మన తాతల కాలంలో ఉత్తరాంధ్ర తీరం నుంచి ఎందరో ఓడెక్కి రంగూన్ వెళ్లి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పనిచేశారు. ఆ రంగూన్‌నే మనవాళ్లు 'రంగం' అనేవారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక, 1942లో వేలాదిమంది కాలినడకన అడవులూ కొండలూ దాటి తిరిగొచ్చారు. కొందరు దారిలోనే పోయారు. ఆ రోజుల్లో ఉత్తరం ముక్క రావాలంటే వారాలు పట్టేది.

ఇప్పుడు సెల్‌ఫోన్‌లో మొహం చూసుకుంటూ మాట్లాడుకుంటున్నాం. కానీ వెళ్లడం ఆగలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కొబ్బరి మొక్క నాటితే కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ పొయ్యి వెలగాలిగా మరి!

చుట్టంలా చూడకండి

మన రోజు ఎలా గడుస్తుందో మీకు తెలియనిది కాదు. తెల్లారకముందే వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లాలి. నీళ్లు పట్టాలి. పిల్లల్ని బడికి పంపాలి. జీడి పిక్కల కాలమైతే తోటకి పరిగెత్తాలి. అత్తగారి మందులు, డ్వాక్రా వాయిదా, కరెంటు బిల్లు... అన్నీ మన నెత్తినే.

ఆయన వచ్చిన నెల్లాళ్లూ ఏం చేస్తాం? "పాపం, అక్కడ కష్టపడి వచ్చాడు" అని ఇవన్నీ కనబడకుండా దాచేస్తాం. కోడికూర వండి, మంచం వేసి కూర్చోబెడతాం. ఆయనకి సెలవు, మనకి రెట్టింపు పని! ఇంకా నష్టమేమిటంటే, ఆయన తన ఇంట్లోనే చుట్టమైపోతాడు. అప్పు ఎంతుందో తెలియదు, పిల్లాడు ఏ లెక్కల దగ్గర తడబడుతున్నాడో తెలియదు. అక్కడికి వెళ్లాక ఫోన్లో "పంపిన డబ్బంతా ఏం చేస్తున్నావు?" అన్న ప్రశ్న అందుకే పుడుతుంది.

కాబట్టి చివరి వారంలోనైనా ఆయన్ని మన రోజులోకి లాగండి. పిల్లల బడికి ఆయన్నే పంపి మాస్టారితో మాట్లాడమనండి. బ్యాంకుకి ఇద్దరూ కలిసి వెళ్లండి. ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక పుస్తకం తీసి, వచ్చింది ఇంత, పోయింది ఇంత అని ముందు పెట్టండి. సిగ్గుపడాల్సిన పని లేదు, అది మీ కష్టం లెక్క. కుర్రది తండ్రి దగ్గరకి రాకుండా మీ చీరకొంగు పట్టుకుంటోందా? బలవంతం చెయ్యకండి. అన్నం కలిపి పెట్టే పని ఆయనకి వదిలేయండి. మూడో రోజుకి అదే ఒళ్లోకి చేరుతుంది.

అడిగి దాచుకోవలసినవి

పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం కాగితాల నకళ్లు ఒక జత మీ బీరువాలో ఉండాలి. కంపెనీ పేరు, చిరునామా, పక్కనుండే ఒక స్నేహితుడి నంబరు, అక్కడి భారత రాయబార కార్యాలయం నంబరు రాసి పెట్టుకోండి. బ్యాంకు ఖాతాకి నామినీ పేరు ఉందో లేదో చూడండి.

పదో తరగతి లోపు చదివి గల్ఫ్ వంటి దేశాలకి వెళ్లేవారు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరిగా తీసుకోవాలి. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా పనిచేయలేని స్థితి వచ్చినా 10 లక్షల రూపాయలు అందే బీమా ఇది. ప్రీమియం రెండేళ్లకి 275, మూడేళ్లకి 375 రూపాయలు. గడువు ఎప్పటిదాకా ఉందో కాగితం తీసి చూసుకోండి. అపశకునం మాటలని అత్తగారు కసురుకోవచ్చు. గొడుగు పట్టుకెళ్లినంత మాత్రాన వాన పడుతుందా చెప్పండి!

రక్తపరీక్ష మరువకండి

ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లని కుంగదీసిందో మనకి తెలుసు. కారణం ఇదేనని ఇంకా తేలలేదు. మొదట్లో నొప్పి కూడా ఉండదు. సెలవులో భార్యాభర్తలిద్దరూ సీరమ్ క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకోవడం మంచిది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. ఒళ్లునొప్పులకి దుకాణంలో కొన్న మాత్రలు అదేపనిగా వేసుకోవద్దని ఆయనకి గట్టిగా చెప్పండి. ఎండలో పనిచేసేటప్పుడు దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగాలి. యు.ఎ.ఇ.లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. ఆ మాట ఆయన చెవిన వేయండి.

పెట్టె సర్దేటప్పుడు

మసాలాపొడిలో గసగసాలు వేశారా? తీసేయండి. మనకి అది వంట దినుసే కానీ గల్ఫ్ దేశాల్లో, సింగపూర్‌లో నిషిద్ధం. కాసిన్ని దొరికినా కేసవుతుంది. ఎండుకొబ్బరి కూడా పెట్టకండి. నూనె ఎక్కువుండి నిప్పంటుకునే గుణం ఉంది కనుక విమానంలో ఒప్పుకోరు. కొబ్బరి ఊరివాళ్లమై ఉండీ కొబ్బరి పంపలేకపోవడం చివుక్కుమనిపించినా తప్పదు. మందులుంటే డాక్టరు చీటీ జతచేయండి. కొన్ని నొప్పి మాత్రలకి, దగ్గు మందులకి అక్కడ ఆంక్షలున్నాయి.

మరి ఏం పంపాలి? జీడిపప్పు పాకం ఉండగా దిగులెందుకు!

అర కిలో జీడిపప్పుని సన్నసెగ మీద లేత బంగారు రంగు వచ్చేదాకా వేయించి తీయండి. 350 గ్రాముల బెల్లంలో అర గ్లాసు నీళ్లు పోసి, కరిగాక వడగట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టి ముదురుపాకం రానివ్వండి. చల్లటి నీళ్లలో ఒక చుక్క వేసి, పళ్లేనికి కొడితే 'టంగు'మనాలి. నెయ్యి ఒక చెంచా, యాలకుల పొడి చిటికెడు, జీడిపప్పు వేసి గబగబా కలిపి నెయ్యి రాసిన పళ్లెంలో పోయండి. గోరువెచ్చగా ఉండగానే గాట్లు పెట్టండి. పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెట్టండి. తడి తగలకపోతే నెల్లాళ్లు కరకరలాడుతూ ఉంటుంది.

వెళ్లాక...

పెట్టె పలాస స్టేషన్లో రైలెక్కాక ఇల్లు బోసిపోతుంది. ఆ రెండు రోజులూ మీకు ఏడుపు వస్తే ఏడవండి, ఎవరూ ఏమీ అనుకోరు. మూడో రోజు నుంచి ఫోనుకి ఒక వేళ పెట్టుకోండి. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక, సింగపూర్ రెండున్నర గంటలు ముందు. "తిన్నావా, పడుకున్నావా" అన్న మాటలతో సరిపెట్టకండి. బావిలో నీళ్లెంతకి దిగాయో, జీడికి ఏ ధర పలికిందో, పాపకి ఎన్ని మార్కులొచ్చాయో చెప్పండి. ఊరి సంగతులు రోజూ చెవిన పడుతుంటే, వచ్చే సెలవుకి ఆయన అన్నీ తెలిసిన ఇంటి మనిషిలాగే గుమ్మంలోకి వస్తాడు.