డివైడర్ మీది పచ్చ కంచె: ఉంచాలా, తీసేయాలా?

రోడ్డు పక్కనో, డివైడర్ మీదో వరుసగా పెంచిన మొక్కల కంచెను ఉంచాలా, తీసేయాలా అన్న ప్రశ్న హైదరాబాద్‌లో ఇప్పుడు ఎక్కువగా కోనోకార్పస్ చుట్టూ తిరుగుతోంది. ఏడాది పొడవునా చిక్కగా, పచ్చగా ఉండే ఈ మొక్కది కరక్కాయ, తాని, మద్ది చెట్ల కుటుంబమే. పుట్టిన నేల మాత్రం వేరు. ఇందులో ఒక జాతి అమెరికా ఉష్ణమండల తీరాలది, మరొకటి సోమాలియా, యెమెన్ వైపుది. ఉప్పునేలను, నీటి ఎద్దడిని తట్టుకుంటుంది. కొమ్మ గుచ్చితే వేళ్లు వేస్తుంది. మన పశువులు దాన్ని పెద్దగా ముట్టవు.

ఈ గుణాలే దాన్ని ఊరూరా నిలబెట్టాయి. తెలంగాణలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలని 2015 జులై 3న చిలుకూరులో హరితహారం కార్యక్రమం మొదలైంది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం, 2019 నాటి పురపాలక చట్టం షరతు పెట్టాయి. చచ్చిపోని మొక్క కోసం వెతికేవారికి ఇంతకన్నా అనువైనది దొరకలేదు. మొక్కలు చస్తే పదవి పోతుందన్న భయం ఉన్న సర్పంచ్‌ని ఇందుకు తప్పుపట్టడం న్యాయం కాదు. లెక్క అడిగిన తీరే ఆ మొక్కను ఎంపిక చేసింది.

తర్వాత ఆ మొక్క వేళ్ల మీద, పుప్పొడి మీద ఆరోపణలు వచ్చాయి. గుజరాత్ అటవీ శాఖ 2023లో కోనోకార్పస్ నాటడాన్ని నిషేధించింది. 2025లో తమిళనాడు అదే బాట పట్టింది. తెలంగాణలోనూ నాటడం ఆపమని ఆదేశాలు వెలువడ్డాయి. 2025 మార్చిలో ఈ చెట్లను ఎక్కడికక్కడ తొలగించాలన్న మాట శాసనసభలోనే వినిపించింది. అయితే కొత్తగా నాటవద్దనడం వేరు, ఎదిగినదాన్ని పెరికేయడం వేరు. రెండో నిర్ణయానికి ఒక్కో వరుసను అది ఉన్నచోటే చూడాలి.

ముందు చూడాల్సింది ఆ కంచె అక్కడ చేస్తున్న పని. జాతీయ రహదారి డివైడర్ మీద రాత్రిపూట ఎదురు వాహనాల హెడ్‌లైట్ వెలుగు కళ్లలో పడకుండా అది కాస్తుంది. వీధి దీపాలుండి, బండ్లు మెల్లగా కదిలే నగర రోడ్డు మీద ఆ అవసరం తక్కువ. అక్కడ ముఖ్యం చూపు. భారత రోడ్ల కాంగ్రెస్ ప్రమాణాల్లో కారు నడిపేవారి కంటి ఎత్తు 1.2 మీటర్లు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆగాలంటే 45 మీటర్ల దూరం ముందే అడ్డు కనిపించాలి. డివైడర్ తెగిన చోట, మలుపు దగ్గర మొక్కలు నడుము ఎత్తు దాటితే వాటి వెనక నిలబడ్డ పిల్లవాడు డ్రైవర్‌కు కనబడడు.

అఫ్జల్‌గంజ్ లాంటి చోట ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఒకవైపు బేగంబజార్ హోల్‌సేల్ దుకాణాలు, మరోవైపు మహాత్మాగాంధీ బస్ స్టేషన్. మూటలు ఎత్తిన హమాలీలు, తోపుడుబండ్లు, ఆటోలు, ఉస్మానియా ఆసుపత్రికి వచ్చే రోగులు అందరికీ అదే రోడ్డు. నడిచేవాళ్లు దగ్గరి దారి కోసం కంచెను తొక్కి సందు చేసుకుంటారు. ఆ సందులోంచి హఠాత్తుగా రోడ్డు మీదికి దిగే మనిషి బస్సు డ్రైవర్‌కు చివరి క్షణం దాకా కనిపించడు. జనం ఇలా రోజూ దాటే చోట కంచె తీసేసి, దాటడానికి సరైన దారి ఇవ్వడమే మేలు.

నేల కింద మరో సంగతి ఉంది. 1908 మూసీ వరద తర్వాత ఇంజనీర్ విశ్వేశ్వరయ్య సలహాలతో రూపుదిద్దుకున్న డ్రైనేజీ వ్యవస్థ ఈ పాత నగరానిది. కంచె మొక్క వేరు గట్టి గొట్టాన్ని పగలగొట్టుకుని పోదు. బీటవారిన అతుకులోంచి కారే తేమను వెతుక్కుంటూ దారమంత సన్నగా లోపలికి దూరుతుంది. లోపల పీచులా అల్లుకుని చెత్తను ఆపేస్తుంది. మ్యాన్‌హోల్ మూత తీస్తే జడలా వేలాడే వేళ్లు కనిపిస్తాయి. కువైట్, ఇరాక్‌లలో కోనోకార్పస్ మీద వచ్చిన పెద్ద ఫిర్యాదు ఇదే.

పుప్పొడితో ఆయాసం, అలర్జీ వస్తాయన్న వాదనపై శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. కానీ తరచూ కత్తిరించే కంచె పూతకు రావడం తక్కువ. వదిలేస్తే చెట్టై పూసేది అదే మొక్క. అంటే నడుము ఎత్తులో ఉంచగలిగితే చూపు, పుప్పొడి సమస్యలు రెండూ చాలావరకు తీరతాయి. వేళ్ల సమస్య తీరదు. మంచి వైపూ మరవకూడదు. ఇరుకు వీధుల్లో పెద్ద చెట్లు పొగను కింద బంధిస్తే, ఫుట్‌పాత్ అంచున పొట్టి కంచె నడిచేవాళ్లకు చేరే పొగను కొంత తగ్గిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి.

కంచెనూ పాత చెట్టునూ మాత్రం ఒకే గాటన కట్టకూడదు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు 1908 సెప్టెంబర్ 28 మూసీ వరదలో తన కొమ్మలెక్కిన దాదాపు 150 మందిని కాపాడింది. అలాంటి చెట్టు విషయంలో రోడ్డే పక్కకు జరగాలి. చెట్టు నరకాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద, మినహాయింపు ఉన్న జాతులకు తప్ప, అనుమతి తప్పనిసరి.

తీసేయాలని తేలితే పద్ధతి ముఖ్యం. కోనోకార్పస్‌ను పైపైన నరికి వదిలేస్తే మోడు మళ్లీ చిగురిస్తుంది. జేసీబీతో ఒక్కసారిగా పెకలిస్తే కింది పైపులు, కేబుళ్లు తెగుతాయి. కాబట్టి జలమండలి, విద్యుత్ సంస్థల పటాలు చూసుకుని ముక్కలు ముక్కలుగా, జూన్ వానల ముందు తీయడం మంచిది. ఖాళీ అయిన చోట ఆ వానల్లోనే గన్నేరు, నూరువరహాలు, కాగితపు పూలు, అడ్డసరం, వావిలి లాంటివి నాటవచ్చు. గన్నేరు విషపు మొక్క గనుక బడి గోడల పక్కన వద్దు. కాగితపు పూల ముళ్ల కొమ్మలు ఫుట్‌పాత్ మీదికి వస్తాయి కాబట్టి వాటికి డివైడరే తగిన చోటు. ఏది నాటినా రెండు ఎండాకాలాల పాటు ట్యాంకర్ నీళ్లు, ఆపైన ఏటా కత్తిరింపు కూలి ఖర్చు ఉంటాయి. తొలగింపు బిల్లుతో పాటే ఆ ఖర్చునూ మంజూరు చేయించుకున్నాకే మొదటి మొక్క మీద గొడ్డలి పడాలి.