ఘర్షణ హద్దు ఎరిగిన సారథి

1935 జూలై 28న జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్‌లో 42 ఏళ్ల తాజియో నువొలారి నడిపిన ఆల్ఫా రోమియో పి3, శక్తిలో తనను మించిన మెర్సిడెస్, ఆటో యూనియన్ కార్లను ఓడించిన తీరును అతని తెగువకు నిదర్శనంగా చెప్పడం పరిపాటే అయినా, ఆ తెగువ ఏ భౌతిక సూత్రాల హద్దుల్లో పనిచేసిందో చూడనిదే ఆ విజయం పూర్తిగా బోధపడదు.

విట్టోరియో యానో రూపొందించగా 1932లో బరిలోకి దిగిన ఈ ఒంటి సీటు కారుకు ఒకే వరసలో ఎనిమిది సిలిండర్లు, వాటిలోకి గాలి, ఇంధనాల మిశ్రమాన్ని ఒత్తిడితో కూరే రెండు సూపర్‌చార్జర్లు ఉండేవి. 1935 నాటికి ఇంజను పరిమాణం సుమారు 3.2 లీటర్లకు పెరిగినా, దాదాపు 4 లీటర్ల మెర్సిడెస్ ముందు అది పాతబడిన యంత్రమే. ఇంధనం, టైర్లు వంటివి మినహాయించి కారు బరువు 750 కిలోలు మించరాదన్న నాటి నిబంధన వేగాన్ని అదుపు చేయడానికి పెట్టినదే కాని, జర్మన్ ఇంజనీర్లు తేలిక లోహాల సాయంతో ఆ బరువులోనే పెద్ద ఇంజన్లను ఇమిడ్చి దాని ఉద్దేశాన్నే తలకిందులు చేశారు.

అయితే మలుపులో ఇంజను శక్తి కంటే టైరు పట్టుదే పైచేయి. మలుపు తిరిగే వాహనాన్ని లోపలి వైపుకు లాగే అభికేంద్ర బలం టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ నుంచే రావాలి. వేగం రెట్టింపైతే అదే మలుపులో ఆ బలం నాలుగింతలు కావాలి. రబ్బరు సాగుతుంది కనుక చక్రం చూసే దిశకూ అది నిజంగా కదిలే దిశకూ మధ్య కొంత తేడా ఏర్పడుతుంది. జారుడు కోణం అనదగిన ఈ తేడా పెరిగేకొద్దీ పట్టు ఒక గరిష్ఠ స్థాయి వరకు పెరిగి, ఆపైన సడలుతుంది. నువొలారి నాలుగు చక్రాలనూ ఆ గరిష్ఠానికి చేరువలో జారనిస్తూ, స్టీరింగుతో పాటు యాక్సిలరేటరుతోనూ దిశను సరిదిద్దేవాడు. నాటి సన్నని టైర్ల పట్టు హఠాత్తుగా కాక క్రమంగా సడలడం వల్లనే అది సాధ్యమైంది. అయినా తడి రోడ్డుపై ఆ హద్దును కొలిచి చెప్పే పరికరమేదీ లేదు, ఒంటితో పసిగట్టవలసిందే.

170కి పైగా మలుపులున్న సుమారు 22.8 కిలోమీటర్ల చుట్టును 22 సార్లు తిరగవలసిన ఆ పందెం పి3కి కలిసివచ్చింది. మధ్యలో ఇంధనం నింపే పంపు చెడి రెండు నిమిషాలకు పైగా నిలిచిపోయినా, నువొలారి ముందున్నవారిని ఒక్కొక్కరినే దాటి, చివరి చుట్టు మొదలయ్యేసరికి మెర్సిడెస్ నడుపుతున్న మాన్‌ఫ్రెడ్ ఫాన్ బ్రౌహిట్ష్‌కు సుమారు అర నిమిషం దూరంలోకి వచ్చాడు. ఆ చుట్టులోనే బ్రౌహిట్ష్ కారు వెనుక టైరు పగిలింది. దీనిని అదృష్టం ఖాతాలో వేయడం సరికాదు: చక్రాలకు అందే శక్తి ఎక్కువైనకొద్దీ వెనుక టైర్లు రోడ్డుతో రాసుకొని వేడెక్కి త్వరగా అరుగుతాయి, వాటిని మార్చుకోవడానికి ఆగే వ్యవధిని నువొలారి అతనికి మిగల్చలేదు.