తొందర లేని వేగము

మా యూరి బస్సుస్టాండున కెదురుగా రెండు టిఫిను హోటళ్లు కలవు. రెండింటి నడుమ ఒక చెప్పుల దుకాణము మాత్రమే అడ్డము. ఇడ్లీ ధర రెండుచోట్లను ఒకటే; బియ్యము, మినపపప్పు ఇరువురును కొనునది ఒకే కొట్టులో; నీరు అదే మునిసిపాలిటీ కుళాయిది. ఐనను ఉదయము ఏడున్నర మొదలు తొమ్మిదింటివరకు మొదటిదానిలో వచ్చినవారు వచ్చినట్లే కూర్చుండి, తిని, చేయి కడుగుకొని బస్సెక్కుదురు; రెండవదానిలో అందులో సగముమంది యైనను లేకున్నను, బస్సు కదలుచున్నదని టోకెను చేతబట్టుకొని గల్లాపెట్టెకడ కలహించువారు దినమునకు నలుగురైన నుందురు. నేనొకనాడు ఆ రెండవ హోటలులో ఒక్క మసాలా దోసె కొరకు 25 నిముషములు వేచితిని. చిత్రమేమనగా, ఆ 25 నిముషములును అచటి పనివారందరు పరుగులు పెట్టుచునే యుండిరి. మొదటి హోటలులో పరుగెత్తిన మనిషిని నేనింతవరకు చూచి యెరుగను.

దీని మర్మమేమని మొదటి హోటలు యజమాని నడిగితిని. ఆయన గల్లాపెట్టెకడ కూర్చుండు అలవాటు లేనివాడు. ఇటు చూచిన పెనము, అటు చూచిన వాకిలి కనబడునట్టి చోటు నొకదానిని వంటింటి గుమ్మముకడ ఎంచుకొని, భుజముమీది తుండుగుడ్డతో పక్కబల్ల తుడుచుచునే మాటలాడును.

“రద్దీలో కుర్రాడు నా దగ్గరకొచ్చి ఏదన్నా అడిగాడంటే ఆ తప్పు నాదే మాష్టారూ. అది ఏడింటికి ముందే తేల్చి చెప్పి ఉండాల్సింది,” అనెను.

ఆ మాట విన్న పిదప నా కన్నులకు ఆ హోటలు వేరొక తీరున కనబడసాగెను. పార్సిళ్లకు కిటికీ వేరు. అచట చట్నీ, సాంబారు పొట్లములు తెల్లవారకముందే కట్టి గంపలో పేర్చి యుండును గనుక, పార్సిలు కట్టువాడు ఇడ్లీలను ఆకులో చుట్టుట తప్ప వేరు పని యెరుగడు. దోసె టోకెన్లను పెనము ప్రక్కనున్న రేకుపలకమీద వచ్చిన వరుసలో పెట్టుదురు. మాస్టరు వాని వంక చూచి పిండి పోయునే గాని, ఎవరి కేకయు వినడు. ఇడ్లీపాత్రలో రెండు పళ్లెముల ఇడ్లీలు మిగిలినవనగా తరువాతి వాయ ఆవిరి కెక్కును. ఇడ్లీలు ‘అయిపోయినవి’ అను మాట పుట్టుటకు తావే లేదు. రెండవ హోటలులోనో, ‘రెండు ప్లెయిను, ఒకటి మసాలా’ అని సప్లయరు అరచిన కేకయే చీటీ. ఆ కేకను మాస్టరు మరచినచో దోసె లేదు. చట్నీ అడుగంటిన సంగతి గిన్నె గీకినప్పుడే తెలియును. అప్పుడు కొబ్బరికాయ కొట్టుటకు ఒకడు, మిక్సీ త్రిప్పుటకు ఒకడు పరుగెత్తుదురు. ఆ పరుగే నేను చూచిన పరుగు.

ఇట్టి యాలోచనను సుద్దముక్కతో నేలపై గీచి చూచినవారు అమెరికాలో ఇరువురు అన్నదమ్ములు. రిచర్డు, మారిసు మెక్‌డొనాల్డులు 1940లో కాలిఫోర్నియా రాష్ట్రమందలి శాన్ బెర్నార్డినో పట్టణమున ఒక హోటలు తెరచి, కార్లలో కూర్చున్నవారికి సుమారు 20 మంది ఆడపిల్లలచేత వడ్డన చేయించుచు, చక్కని లాభము గడించుచుండిరి. అట్టి వ్యాపారమును 1948లో తమంతట తామే మూడు నెలలు మూసివేసిరి. లెక్కలు చూచుకొనగా అమ్మకములో అధికభాగము హాంబర్గర్లదే యని తేలెను. కావున 25 వంటకముల పట్టికను తొమ్మిదికి కుదించి, వడ్డన పిల్లలను మాన్పించి, పింగాణీ పళ్లెములకును ఫోర్కులకును బదులు కాగితపు సరంజామా తెచ్చి, హాంబర్గరు వెలను 15 సెంట్లకు దింపిరి. ఒకడు మాంసపు బిళ్లలు కాల్చును, ఒకడు రొట్టెను సిద్ధపరచును, ఒకడు చుట్టబెట్టును. ఒకని పనిలో మరియొకడు చేయి పెట్టడు. క్రొత్త వంటశాల కట్టదలచినపుడు ఇంటి టెన్నిసు ఆటస్థలమున పొయ్యిలను, బల్లలను నిజమైన కొలతలతో సుద్దతో గీచి, పనివారిని అందు నిలిపి, లేని రొట్టెలను లేని పొయ్యిపై కాల్చు నటన చేయించి, ఎవడు ఎవనికి తగులుచున్నాడో చూచి గీతలు చెరిపి మరల గీచిరి. మన పెండ్లిండ్లలో గాడిపొయ్యి త్రవ్వించుటకు ముందు వంటబ్రాహ్మణుడు గాలివాటు చూచి, నీళ్లగంగాళ మెచట, వార్పు ఎచట అని కఱ్ఱతో నేలమీద గీయుట చూచినవారికి ఇది వింతగా తోపదు.

మూడు నెలల పిదప మరల తెరచిన తొలినాళ్లలో పాతబేరములు రాలేదనియు, అమ్మకము పడిపోయెననియు ఆ కథ చెప్పువారు పలుమారు మరచిపోవుదురు. నిలువబడి తామే తెచ్చుకొని తినుట జనులకు రుచించుటకు కొన్ని నెలలు పట్టెను. అన్నదమ్ములు బెదరి పాతపద్ధతికి మరలియుండినచో 1954లో రే క్రాక్ అను వర్తకుడు అచటికి వచ్చియుండడు. అతడు పాలషరబతు చిలుకు యంత్రముల నమ్మువాడు; ఒక్కొక్క యంత్రమునకు ఐదు కవ్వములు; అట్టివి ఎనిమిదింటిని ఒక్క హోటలు కొనుటయే అతనికి విస్మయము కలిగించి అచటికి రప్పించెను. 1955లో ఇలినాయి రాష్ట్రమందు తన మొదటి దుకాణము తెరచి, 1961లో 27 లక్షల డాలర్లిచ్చి అన్నదమ్ముల హక్కులను కొనివేసెను.

ఇక పెనము కడకు రండు. మర్మమంతయు అచటనే యున్నది. ఒక పెనముపై ఒక మారు ఆరు దోసెలు పట్టుననుకొందము. నీరు చల్లి తుడిచి, పిండి పరచి, కాల్చి తీయుటకు నాలుగు నిముషములనుకొందము. గంటకు 15 వాయలు, 90 దోసెలు. ఆ గంటలో 120 మంది దోసె కోరిరా, మాస్టరు భీముడైనను, సప్లయర్లు రెక్కలు కట్టుకొని యెగిరినను, 30 మంది ఆకలితో మిగులవలసినదే. రెండవ హోటలు యజమాని ఈ చిక్కునకు విరుగుడుగా మరి ఇద్దరు సప్లయర్లను చేర్చుకొనెను. ఇప్పుడు ‘ఇంకా కాలేదండీ’ అని చెప్పుటకు ఇద్దరు అదనముగా నున్నారు. మొదటివాడు చేసినది వేరు. రెండవ పెనము పెట్టించెను. అదియు చాలని సోమవారము సంతనాడు తొమ్మిదింటివరకు పెసరట్టు లేదని పలకపై వ్రాయించెను, ఏలయన ఉల్లి, అల్లము, ఉప్మా అని పెసరట్టు పెనముపై ఎక్కువసేపు కూర్చుండును. సన్నని మెడగల కూజాలో నీళ్లెంత త్వరగా పోసినను మెడ ఎంతయో అంతే దిగును. ఆ మెడ ఎచటనున్నదో కనుగొనుటయే నిర్వహణలో సగము పని.

తక్కిన సగములో ఒక పాలు కుర్చీల లెక్కది. అమెరికా పండితుడు జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రమొకటి కలదు. చూచుటకు చిన్నపిల్లల గుణకారమువలె నుండును. నిముషమునకు ఎందరు వచ్చుచున్నారో, ఒక్కొక్కరు ఎన్ని నిముషములు లోపల నుందురో, ఆ రెండింటిని గుణించిన యెడల లోపలనుండు జనసంఖ్య వచ్చును. నిముషమునకు ఇద్దరు వచ్చి 15 నిముషములున్నచో 30 కుర్చీలు చాలును. నీళ్ల గ్లాసు రెండు నిముషములు, బిల్లు రెండు నిముషములు, చిల్లర కొక నిముషము ఆలస్యమైనదా, 40 కుర్చీలు కావలెను. లేనిచో పదిమంది తినుచున్నవారి వీపుల వెనుక నిలిచి వారి ముద్దలు లెక్కపెట్టుదురు. బెంగళూరు జయనగరములో 1983లో మొదలైన దర్శిని హోటళ్లు కుర్చీలనే తీసివేసి, నిలువు బల్లలు పెట్టి, వంటయిల్లు అందరికి కనబడునట్లు తెరచి ఈ గుణకారమును మరియొక దారిన పరిష్కరించినవి. నావంటి మోకాళ్లనొప్పుల వానికి ఆ పరిష్కారముపై కొంత కోపమున్నది గాని, అచటి కాఫీ వేడిగా వచ్చునను సత్యమును మరుగుపరుపలేను.

పట్టిక పొడుగు విషయమున నా పక్షపాతమును దాచుకొనను. రెండవ హోటలు పలకపై ఇడ్లీ, వడ మొదలుకొని నూడిల్సు, గోబీ మంచూరియా, బిరియానీ వరకు 60కి పైగా పేర్లున్నవి. ప్రతి పేరు వెనుక ఒక గిన్నె, ఒక మసాలా డబ్బా, ఫ్రిజ్జులో వాడిపోవుచున్న ఒక మూట, తడబడు ఒక చేయి ఉండును. కాలిఫోర్నియాలోనే అదే 1948లో హారీ, ఎస్తేరు స్నైడరు దంపతులు బాల్డ్విన్ పార్కులో మొదలిడిన ఇన్-ఎన్-అవుట్ దుకాణములలో నేటికిని పలకపై నుండునవి బర్గర్లు, వేపుడు బంగాళాదుంపలు, పానీయములు మాత్రమే. మాంసమును గడ్డకట్టించి నిలువచేయుట వారికి నిషిద్ధము; కావున తమ సరఫరా కేంద్రమునుండి లారీ చేరగల దూరములోనే దుకాణములు పెట్టుదురు, పేరు నమ్ముకొని ఇతరులకు హక్కులు అమ్మరు. మెక్‌డొనాల్డు సంస్థ మాత్రము పట్టికను పెంచుకొనుచు పోయి, 2015లో అమెరికాలో ఉదయఫలహారమును దినమంతయు అమ్మబూని, 2020లో ఆ ప్రయత్నమును విరమించెను. పుట్టినప్పుడు నేర్చిన పాఠమును పెద్దవారును మరతురు.

శుభ్రత సంగతి ఇంతకంటె గంభీరము. 1906లో అప్టన్ సింక్లేరు నవల ‘ది జంగిల్’ వెలువడినపిమ్మట అమెరికనులకు మాంసపు కర్మాగారములన్న రోత పుట్టెను. 1921లో విచిటా పట్టణమున వెలసిన వైట్ క్యాసిల్ దుకాణములు పేరునందే తెలుపును పెట్టుకొని, గోడలు, బల్లలు, పనివారి దుస్తులు తెల్లగా నుంచి, కండ్లయెదుటనే కాల్చి యిచ్చి ఆ రోతను పోగొట్టినవి. ఐతే కంటికి కనబడు తెలుపు చాలదు. 1993లో జాక్ ఇన్ ది బాక్స్ అను దుకాణముల వరుసలో సరిగా ఉడకని మాంసము తిని 700 మందికి పైగా జబ్బుపడిరి. నలుగురు పసివారు మరణించిరి. వాషింగ్టన్ రాష్ట్రము మాంసపు లోపలి వేడి 155 డిగ్రీల ఫారెన్‌హీటునకు, అనగా సెల్సియసులో సుమారు 68 డిగ్రీలకు, చేరవలెనని అప్పటికే నిబంధన చేసియుండెను. ఆ నిబంధన పొయ్యివరకు చేరలేదు. ఆ పిదప ఆ సంస్థయే పశువుల కొట్టము మొదలు పెనము వరకు అడుగడుగున పరీక్షలు పెట్టి, తక్కినవారికి మాదిరి యయ్యెను.

మన దేశమున ఆహార భద్రతా సంస్థ 2018 జూలై 1 మొదలు వేపుడు నూనె మరుగగా పుట్టు చెడుపదార్థము నూటికి 25 పాళ్లు దాటరాదని నియమము పెట్టినది. కొలిచే పరికరము లేనివారికి నూనెయే కొంత చెప్పును: నల్లబడి, జిగురెక్కి, పిండి వేయగానే నురుగు మూకుడు అంచువరకు పొంగి, మిరపకాయ బజ్జీ చల్లారకముందే గొంతు పట్టుకొనును. మొదటి హోటలులో సాయంకాలపు బజ్జీల నూనెను మరునాటి పూరీకి వాడరు. నష్టము కాదా యని నేనడుగగా యజమాని నవ్వి, దానికి తగినట్టే మూకుడు చిన్నది కొన్నానని చెప్పెను. అంతకంటె తెలివైన సమాధానమును ఏ గ్రంథములోను నేను చదువలేదు.

గ్రంథములు లేకపోలేదు. మెక్‌డొనాల్డు సంస్థలో ఫ్రెడ్ టర్నరు అను నతడు 1958లో 75 పుటల పనిపుస్తకము వ్రాసెను. 1961లో ఒక దుకాణపు నేలమాళిగలో ‘హాంబర్గరు విశ్వవిద్యాలయము’ వెలసెను. నేర్పును మనిషి చేతినుండి కాగితముమీదికి దింపుట వారి ఘనత. ఒక మాస్టరు అలిగి పోయినచో రుచియు అతని వెంట పోదు. కాని మన ఇడ్లీపిండి అట్లు లొంగునది కాదు. మాఘమాసపు చలిలో పొంగుటకు రాత్రియంతయు చాలదు, రోహిణికార్తెలో నాలుగు గంటలకే పులిసి కూర్చుండును. అందుచేత మొదటి హోటలులో పప్పు, బియ్యము కొలతలు గోడపై బొగ్గుతో వ్రాసియున్నవి గాని, పులియబెట్టు వేళ మాత్రము వ్రాయలేదు; యజమాని వేకువను వచ్చి గంగాళము మూత తీసి, వాసన చూచి, వ్రేలితో నాలుకపై రాచుకొని నిర్ణయించును. చిక్-ఫిల్-ఏ అను అమెరికా సంస్థ వేలకొలది దరఖాస్తులలో కొందరినే ఏరి, సాధారణముగా ఒక్కొక్కరికి ఒక్క దుకాణమే అప్పగించి, అందు స్వయముగా నిలిచి పనిచేయుమనుటలో ఇట్టి రహస్యమే ఏదో యున్నట్లు నాకు తోచును. వారు ఆదివారము తెరవరు; పనివానికి తన సెలవు ఎన్నడో ముందే తెలియును. మొదటి హోటలులోను మంగళవారము సాయంకాలము తాళమే. అచటి మాస్టరు తొమ్మిదేండ్లుగా మారలేదు.

పదకొండు గంటలకు రద్దీ తీరినపిమ్మట యజమాని పనివారితోపాటు బల్లకడ కూర్చుండి, మిగిలిన ఉప్మా తినుచు, ఆ ఉదయము ఏ కుర్రవాడు ఏమి అడిగెనో జ్ఞప్తికి తెచ్చుకొని మరునాటికి దాని నేర్పాటు చెప్పును. నేను పోయిన నాడు చర్చ గరిటె గురించి: సాంబారు గరిటె చట్నీ గిన్నెలో ఎవరు వేసిరని. ఒక మేకు తెప్పించి, గరిటె తగిలించు చోట కొట్టించిరి. బయటికి వచ్చునప్పటికి చెప్పుల దుకాణము కావల నిచ్చెన వేసి యుండెను. రెండవ హోటలు పలకకు అడుగున, చాట్, పావ్‌భాజీ అని మరి రెండు పంక్తులు చేర్చుచుండిరి.