ప్రోస్టేటు కేన్సరు: చేతిఫోను చేయు సాయము



నేఁడు నేను మనవి చేయఁబూనిన విషయము నలుగురిలోఁ జెప్పుకొనుటకు మనము సిగ్గుపడునది. ఆ సిగ్గే యీ ప్రసంగమునకు కారణము. ఏఁబదియేండ్లు దాఁటిన మగవారికి రాఁదగిన ప్రోస్టేటు గ్రంథి కేన్సరును గుఱించియు, అట్టి రోగికి చేతిలోని ఫోను ఎట్లు తోడుపడఁగలదో దానిని గుఱించియు నాకుఁ దెలిసినంతవఱకు చెప్పెదను.

మూత్రాశయమునకు దిగువను, మూత్రనాళమును చుట్టుకొని, పెద్ద ఉసిరికాయ యంత గ్రంథి యొకటి పురుషుల శరీరమునఁ గలదు. దానినే ప్రోస్టేటు గ్రంథి యందురు. వయస్సుతోపాటు అది పెరుగుట సామాన్యము. రాత్రులు పలుమాఱులు లేవవలసి వచ్చుట, ధార సన్నగిల్లుట యనునవి చాలమందికి ఆ పెరుగుదలవలననే కలుగును. అంతమాత్రమునఁ గేన్సరని భయపడనక్కఱలేదు. అయితే ఆ గ్రంథియందు కేన్సరు పుట్టుటయుఁ గలదు. మొదట అది తఱచుగా నే బాధయుఁ గలిగింపదు. పి.ఎస్.ఎ. అను రక్తపరీక్ష దాని జాడను పట్టుటకు సాయపడును. ఆ పరీక్షలో అంకె హెచ్చినంతనే కేన్సరని తలఁపరాదు. గ్రంథినుండి చిన్నముక్క తీసి పరీక్షించినఁగాని నిశ్చయము కాదు.

రాచపుండను మాట వినఁగానే మనవారు ఆశ వదలుకొందురు. ఇది తగదు. ఈ వ్యాధి అనేకులలో మెల్లగా సాగును. చికిత్స పొంది ఏండ్లతరబడి జీవించువారు పెక్కుమంది కలరు. చికిత్సలు ముఖ్యముగా మూఁడు: శస్త్రచికిత్స, మనవారు కరెంటు పెట్టుట యనెడి కిరణచికిత్స, హార్మోను చికిత్స. పురుష హార్మోనును తగ్గించినచో ఈ వ్యాధి వెనుకంజ వేయునని 1941లో అమెరికాలో చార్లెస్ హగ్గిన్స్ అను వైద్యుఁడు తన సహచరునితోఁ గలిసి చూపెను. అందులకై ఆయనకు 1966లో నోబెలు బహుమాన మొసఁగఁబడెను. కాని ఈ చికిత్సలకుఁ దమ తమ బాధలును గలవు. ఒంటికి వేఁడి యావిరులు, నీరసము, ఎముకల బలహీనత, మూత్రము నిలుపుకొనలేమి, దాంపత్యజీవనమున లోపము మొదలగునవి కలుగవచ్చును. రోగి వైద్యుని చూచుట కొన్ని నెలల కొక మాఱు. నడిమి దినములలో ఆ బాధలను మోయువాఁ డతఁ డొక్కఁడే.

నాతోఁ గలిసి పనిచేసిన ఉపాధ్యాయుఁ డొకఁ డీ వ్యాధికి హార్మోను సూదిమందు వేయించుకొనుచుండెను. ఒకమాఱు నేను తోడు వెళ్ళితిని. వైద్యురాలు "ఎట్లున్నారు?" అని యడుగఁగా, "బాగున్నానండీ" అని చేతులు జోడించి వెలుపలికి వచ్చెను. తిరుగు బస్సులో నాతో, "మాస్టారూ, రాత్రి ఆఱుమాఱులు లేచుచున్నాను. పంచె తడియుచున్నది. నెలదినములుగా నడుమున ఒకచోట నొప్పి వదలకున్నది. ఆ డాక్టరమ్మ నా మనుమరాలి యీడుది. ఆమెతో నివన్నియు నెట్లు చెప్పుదును?" అనెను. మఱునాఁడు ఆ సంగతులన్నియు కాగితముపై వ్రాయించి పంపితిని. ఆమె వెంటనే పిలిపించి పరీక్ష చేయించిరి. వ్యాధి ఎముకకుఁ బాఁకినదని తేలెను. చికిత్స మార్చిరి. ఒక నెల వృథా యయ్యెను.

నోట రాని మాట కాగితముపై వచ్చినది గదా! ఆ కాగితము పని నిత్యము చేయునదియే నేను చెప్పఁబోవు సాధనము. ఫోనులో "యాప్" అను నొక యేర్పాటు చేయుదురు. నొప్పి యున్నదా? ఎంత? నిద్ర పట్టినదా? మూత్రమున మంట యున్నదా? అని అది యడుగును. రోగి తెరపై వ్రేలితో నొక్కి బదులు చెప్పును. ఆ బదులు ఆసుపత్రిలోని నర్సునకుఁ జేరును. బడిలో హాజరుపట్టీ పిలిచినట్లే యిది. పిల్లవాఁడు మూఁడు దినములు రాకున్న ఉపాధ్యాయుఁడు ఇంటికి కబురు పంపును గదా!

స్వీడను దేశమున ఇట్టి పరీక్ష యొకటి జరిగినది. ప్రోస్టేటు కేన్సరునకు కిరణచికిత్స పొందుచున్న 130 మంది పురుషులను రెండు తెగలుగాఁ జేసిరి. ఒక తెగవారికి ఇంటరాక్టర్ అను యాప్ ఇచ్చిరి. రెండవ తెగవారికి మామూలు సంరక్షణయే. బాధ మితిమీఱినచో నర్సునకు పసుపు లేక ఎఱుపు సంకేతము పోవును. ఆమె రోగితో ఫోనులో మాటలాడును. చిన్న బాధలకు తామే చేసికొనఁదగిన యుపాయములును ఆ యాప్‌లో నుండెను. 2017లో ప్రకటింపఁబడిన ఫలితమిది: చికిత్స ముగియునప్పటికి యాప్ గలవారిలో నీరసము, వికారము తక్కువ. నిద్రలేమి, మూత్రసంబంధమైన బాధలు అప్పుడును, మూఁడు నెలల తరువాతను తక్కువగనే యుండెను.

న్యూయార్కు నగరమున మెమోరియల్ స్లోన్ కెటరింగ్ అను కేన్సరు ఆసుపత్రిలో ఇంతకంటెఁ బెద్ద పరీక్ష జరిగినది. శరీరమున వ్యాధి వ్యాపించిన 766 మంది అందులోఁ జేరిరి. ప్రోస్టేటు రోగులును వారిలోఁ గలరు. అచ్చట వాడినది చేతిఫోను గాదు, కంప్యూటరు. పద్ధతి మాత్రము ఇదియే. మామూలు సంరక్షణ పొందినవారిలో ఏడాదిలోపల నూటికి 41 మంది అత్యవసర చికిత్సకుఁ బోవలసి రాఁగా, బాధలను తెలుపుచు వచ్చినవారిలో నూటికి 34 మందియే పోయిరి. వారి జీవితకాలపు మధ్యమాన మించుమించు 31 నెలలు, తక్కినవారిది 26 నెలలు. ఇంకొక విశేషము: అంతకుముందు కంప్యూటరు ముట్టి యెఱుఁగని వారికే చాల విషయములలో హెచ్చు మేలు కలిగెను. కాఁబట్టి "ముసలితనమున మాకీ యంత్రము లేల?" అని మనము వెనుదీయనక్కఱలేదు.

ఇట్టి మేలు ఫోనువలనఁ గలిగినదా? కాదు. హాజరు పిలిచి పట్టీని మూసివేసిన బడివలె, చూచువారు లేని యాప్ నిష్ప్రయోజనము. కాఁబట్టి మొదట వైద్యుని, "నేను వ్రాసిన దెవరు చూతురు? ఎప్పుడు చూతురు?" అని యడుగుఁడు. ఆసుపత్రివారు చెప్పిన యాప్‌నే వాడుఁడు. వాట్సాపులో వచ్చెడి ఆకుపసరు వైద్యములు నమ్మి చికిత్స మానకుఁడు. ఫోను ఇంటిల్లిపాదికి ఉమ్మడి యైనచో, మీ సంగతులు మీకే కనఁబడునట్లు తాళమువేయు విధమును మనుమల నడిగి నేర్చుకొనుఁడు. మన దేశమున 2019లో ఆరంభమైన ఇ-సంజీవని ద్వారా గ్రామపు ఆరోగ్యకేంద్రమునుండియే దూరమందలి వైద్యునితో మాటలాడవచ్చును. అది సలహాకు సాధనమే కాని, కేన్సరు వైద్యునికి బదులు కాదు.

కొన్ని ఆపదలలో ఫోనులో వ్రాసి బదులుకొఱకుఁ గూర్చుండరాదు. మూత్రము బొత్తిగా బిగిసిపోయినను, వెన్నునొప్పితోఁ గూడ కాళ్ళు చచ్చుపడినట్లైనను, తిమ్మిరెక్కినను, కీమో మందు పొందుచుండఁగా జ్వరము వచ్చినను, తత్‌క్షణమే ఆసుపత్రికిఁ బోవలెను. వెన్నుపాముపై ఒత్తిడి కలిగినచో జాగుచేసిన గడియలే కాళ్ళను హరింపవచ్చును.

అట్టి యాప్ మీ ఆసుపత్రిలో లేకున్నను చింత లేదు. ఒక చిన్న పుస్తకము తీసికొని దినమున కొక పంక్తి వ్రాయుఁడు: నొప్పి, నిద్ర, మూత్రము, ఆఁకలి. రక్తపరీక్షల అంకెలను, సూదిమందు వేయించుకొనవలసిన తేదీని అందే వ్రాయుఁడు. వైద్యుని యెదుటఁ గూర్చున్నప్పుడు ఆ పుస్తకమును బల్లపైఁ బెట్టుఁడు. నా మిత్రుఁ డిప్పుడు అట్లే చేయుచున్నాఁడు. ఆ డాక్టరమ్మగారు అతనిని "ఎట్లున్నారు?" అని యడుగుటకు ముందే పుస్తకము కొఱకుఁ జేయి చాఁచుచున్నారు.