తూర్పు కనుమలలో గిరినాగు: ఆవాసం, సంరక్షణలో విస్తరణ సిబ్బంది పాత్ర

ప్రపంచంలోని విషసర్పాలన్నింటిలో పొడవైనది గిరినాగు. దీనిని రాచనాగు అని కూడా వ్యవహరిస్తారు. 3 నుండి 4 మీటర్ల పొడవు సాధారణం కాగా, 5 మీటర్లకు మించినవి కూడా నమోదయ్యాయి. పేరులో నాగు ఉన్నప్పటికీ ఇది నాగుపాము ప్రజాతికి చెందదు. దీని ప్రజాతి నామమైన ‘ఓఫియోఫాగస్’కు పాములను తినునది అని అర్థం. 2024లో వెలువడిన వర్గీకరణ దీనిని నాలుగు జాతులుగా విభజించింది. వీటిలో పడమటి కనుమలలోనిది ‘ఓఫియోఫాగస్ కాళింగ’ కాగా, తూర్పు కనుమలలోనిది ‘ఓఫియోఫాగస్ హన్నా’.

ఆవాసం

దట్టమైన చెట్ల నీడ, తేమ, నీటి వాగులు గల కొండ ప్రాంతాలు దీనికి అనుకూలం. ఆంధ్రప్రదేశ్‌లో అనకాపల్లి జిల్లా మాడుగుల, చీడికాడ మండలాల వంటి కొండవాలు ప్రాంతాలలో ఇది తరచుగా కనిపిస్తుంది. అడవి అంచున జీడిమామిడి తోటలు, పొలాలు విస్తరించిన చోట ఎలుకల కోసం జెర్రిపోతులు, నాగుపాములు చేరుతాయి. వాటిని వెతుకుతూ గిరినాగు వస్తుంది. అనగా అది తోటలోనికి వచ్చేది మనుషుల కోసం కాదు, ఆహారం కోసం.

గూడు కట్టే సర్పం

రాలిన ఆకులను శరీరంతో పోగుచేసి గూడు కట్టే సర్పం ఇదొక్కటే. ఆడపాము వేసవిలో గూడు కట్టి, అందులో సుమారు 20 నుండి 40 గుడ్లు పెట్టి, వాటికి కాపలా ఉంటుంది. కుళ్ళే ఆకుల వేడి గుడ్లు పొదగడానికి తోడ్పడుతుంది. రెండు మూడు నెలల తరువాత, వర్షాకాలంలో, పిల్లలు వెలువడతాయి. కావున వేసవిలో అడవి అంచున ఆకుల కుప్పలను తగులబెట్టినా, కదిపినా ఒక తరం సంతతి నశించే ప్రమాదం ఉంది. కాపలా కాస్తున్న తల్లి వల్ల మనిషికీ అపాయమే.

విషం, చికిత్స

దీని విషం ప్రధానంగా నాడీమండలంపై పనిచేసి శ్వాసకండరాలను స్తంభింపజేస్తుంది. ఒక కాటులో విడుదలయ్యే విషం పరిమాణం కూడా అధికం. మన దేశంలో లభించే బహుళ విషవిరుగుడు మందును నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలతో తయారుచేస్తారు. అందులో గిరినాగు విషం ఉండదు. అందువలన కృత్రిమ శ్వాస సౌకర్యం గల ఆసుపత్రికి త్వరగా చేర్చడమే ప్రాణరక్షణకు కీలకం. అయితే మనిషి ఎదురైనప్పుడు తప్పుకొని పోవడమే దీని స్వభావం. కాటు సంఘటనలు అరుదు.

రైతులకు తెలియజేయవలసిన అంశాలు

* పొడవైన జెర్రిపోతును గిరినాగుగా భ్రమించి చంపడం పరిపాటి. ఎలుకలను అదుపులో ఉంచేది ఆ జెర్రిపోతే.
* గిరినాగు నేరుగా ఎలుకల నివారణకు ఉపకరిస్తుందని చెప్పరాదు. దాని పాత్ర ఇతర సర్పాల సంఖ్యను అదుపులో ఉంచడం.
* పాము కనిపించినచో దూరంగా జరిగి, దారి విడిచి, అటవీ సిబ్బందికి తెలియజేయాలి. పట్టుకొనుటకు ప్రయత్నించరాదు.
* గూడు కనిపించినచో పిల్లలు వెలువడే వరకు ఆ చోట పనులు నిలిపివేయాలి.
* కాటు వేసిన అవయవాన్ని కదలనీయక, కోయడం, గట్టిగా కట్టడం చేయక, వెంటనే 108 వాహనాన్ని పిలవాలి.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం గిరినాగును చంపడం నేరం. అయితే భయంతో కర్ర ఎత్తిన రైతును చట్టం ఒక్కటే ఆపలేదు. పాము ఎందుకు వచ్చిందో, ఎప్పుడు వెళ్ళిపోతుందో ముందుగా తెలిసిన రైతు ఆగుతాడు. ఆ అవగాహనను వేసవికి ముందే గ్రామసభలలో కల్పించడం విస్తరణ సిబ్బంది బాధ్యత.