ఎండ లెక్క, ఎకరాల లెక్క

కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర 2017లో పూర్తయిన సోలార్ పార్కు 1000 మెగావాట్లది. దానికి పట్టిన భూమి సుమారు 6 వేల ఎకరాలు, అంటే మెగావాటుకు ఆరెకరాలు. అందుకే పడిన ఎండలో నూటికి ఎన్ని పాళ్లు కరెంటవుతున్నదన్నది శాస్త్రవేత్తల గొడవే కాదు, మన పనిదినాల గొడవ కూడా. ప్యానెల్ రెండింతలు పనిచేస్తే సగం నేల చాలు.

సిలికాన్‌కు బదులు ప్లాస్టిక్ జాతి పదార్థంతో, అంటే పాలిమర్‌తో, ప్యానెళ్లు చేయాలని చాలాకాలంగా చూస్తున్నారు. వీటిని సేంద్రియ ఘటాలంటారు. పేడ ఎరువు సేంద్రియం కాదిది, కార్బన్ పదార్థమని అర్థం. సిరాలా కరిగించి, పత్రిక అచ్చేసినట్టే పల్చటి రేకు మీద అచ్చేయొచ్చు.

మరి చిక్కెక్కడ? ఎండ తగలగానే ఇందులో ధన, రుణ ఆవేశాలు జంటగా పుడతాయి, ఓ పట్టాన విడిపోవు. మిల్లీమీటరులో లక్షో వంతు దూరం పోయేలోగా రెండో పదార్థం అంచు తగిలితేనే విడిపోయి కరెంటవుతాయి. లేదంటే వృథా. 1986లో అమెరికాలో కొడాక్ కంపెనీ శాస్త్రవేత్త చింగ్ టాంగ్ రెండు సేంద్రియ పదార్థాలను పొర మీద పొర వేస్తే నూటికి ఒక పాలు వచ్చింది. 1995లో కాలిఫోర్నియాలో హీగర్ బృందం పాలిమర్‌ను రెండో పదార్థంతో కలిపేసింది, సాళ్లు పెట్టకుండా జొన్నా కందీ కలిపి చల్లినట్టు. ఎటు చూసినా అంచే! అయితే మరీ మెత్తగా కలిస్తే విడిపోయిన ఆవేశం బయటికొచ్చే దారి ఉండదు. ముద్దలు కడితే జంటకు అంచు అందదు. ఏళ్ల తరబడి జరిగిందంతా ఈ కలపడం మీద కుస్తీయే. 2019లో చైనాలో జౌ యింగ్‌పింగ్ బృందం తెచ్చిన కొత్త పదార్థంతో 15 దాటింది. ఇప్పుడు ప్రయోగశాలల్లో 20 దాకా వచ్చింది.

పేపర్లో ఈ అంకె కనబడితే రెండు ప్రశ్నలడగండి. ఎంత ముక్క మీద? ఎన్నాళ్లు? ఈ రికార్డులు వేలిగోరంత ముక్కల మీదవి. పెద్ద రేకు చేస్తే తగ్గుతాయి. ఎండ, తేమ, గాలే వాటిని చెరుపుతాయి. సిలికాన్‌కు కంపెనీలు 25 ఏళ్ల హామీ ఇస్తుంటే, వీటికి ఆ ఆయుష్షు ఇంకా రాలేదు. పాలిమర్ ప్యానెళ్లు అమ్మబోయిన అమెరికా కంపెనీ కొనార్కా 2012లో దివాలా తీసింది.

ఒక్క గుణం మాత్రం మన కంటికి ఆనాలి. వీటిని కొంత వెలుతురు కిందికి దిగేలా చేయొచ్చు. గ్రీన్‌హౌసుల కప్పు మీద వేసి, కింద పైరు పెంచే ప్రయోగాలు జరుగుతున్నాయి. కింద పైరుంటే కలుపు తీసే చేతులకు పనుంటుంది. నేలంతా పరుచుకున్న పార్కులో ఉండేది ప్యానెళ్లు కడిగే పని, కాపలా పని. అదీ కొద్దిమందికే.